రక్తం తాగే ఆయన, మా అమ్మమ్మ

సూర్యాపేట మే నెల ఎండలో ఏ వాంపైరూ పది నిమిషాలు నిలబడలేడు. ఇంటర్ చదివే రోజుల్లోనే నాకీ సంగతి తెలిసిపోయింది. కాలేజీ అయ్యాక కోదాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, బ్యాగులోంచి ఇంగ్లీషు నవల తీసేదాన్ని. అట్ట మీద తెల్లటి మొహం, ఎర్రటి పెదవులు. పక్కన కూర్చున్నావిడ ఒకసారి అట్ట వైపు, ఒకసారి నా వైపు చూసి కొంచెం అవతలికి జరిగేది. మునగాల వచ్చేసరికి కథలో మంచు కురుస్తుండేది, బయట వడగాలి కొడుతుండేది. నాకు మంచు కంటే ఆ అట్ట మీది మనిషి నచ్చాడు. చావు లేదు, అయినా సుఖం లేదు.

ఆ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. పొద్దున జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్తాను, తీరిక దొరికితే ఫోన్‌లో కథలు చదివే యాప్ ఒకదానికి తెలుగులో వాంపైర్ సీరియల్ రాస్తాను. చదివేవాళ్ళు ఎక్కువగా ఆడపిల్లలు. ఒక్క వారం ఆలస్యమైతే నా ప్రాణం తీస్తారు. వాంపైర్‌కి తెలుగులో సరైన మాట దొరకలేదు నాకు. రక్తపిశాచి అంటారు గానీ, పిశాచి అంటే మన లెక్కలో చచ్చినవాడు. చేసే పనికి సిగ్గుపడడు. నా కథలోవాడు చావనివాడు, సిగ్గుపడేవాడు. ఆకలేస్తే ఎవరి మీద ప్రేమ ఉందో వాళ్ళ మెడే కనిపిస్తుంది. అందుకని దూరంగా తిరుగుతాడు. కోటలూ నల్ల కోట్లూ తీసి పక్కన పెడితే ఆ నవలలన్నింటిలో మిగిలేది ఒక్క మాటే: నేను దగ్గరికొస్తే నీకు చేటు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గుండె కరిగేది. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. అదే మాట మా ఇంట్లో ఒక మనిషి నోరు విప్పకుండా రోజూ అంటోందని తెలియడానికి నాకు పెళ్ళై, ఒక కడుపు పోవాల్సి వచ్చింది.

ఆ మనిషి మా అమ్మమ్మ. కోదాడలో చిన్న ఇల్లు. ముందు రెండు గదులు కిరాయికిచ్చి, వెనక గదిలో తను ఉంటుంది. తొంభైకి దగ్గర పడింది. పాత చీరలతో బొంతలు కుడుతుంది, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. తాతయ్య పోయేనాటికి ఆమెకు ముప్ఫై నిండలేదు. తర్వాత చదువుకునే వయసు కొడుకు జ్వరంతో పోయాడు. నేను మూడో తరగతిలో ఉండగా ఒక్కగానొక్క కూతురు, అంటే మా అమ్మ, పోయింది. మా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మంచివాడే, కానీ ఇక్కడ ఆయనతో పనిలేదు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను.

అమ్మ పోయిన రోజు మా బంధువుల్లో ఒకావిడ, నేను వింటున్నానని కూడా చూడకుండా, "మొగణ్ణి తిన్నది, కొడుకును తిన్నది, ఇప్పుడు బిడ్డను గూడ తిన్నది" అంది. అమ్మమ్మ అప్పుడు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తోంది. చేతిలో చెంబు కదలలేదు. ఆవిడక్కూడా నీళ్ళిచ్చింది. మన దగ్గర ఇదొక లెక్క. ఆడది మిగిలితే పోయినవాళ్ళను తిన్నట్టు. మగవాడు మిగిలితే ఎవర్నీ తినడు, పాపం ఆయనకు వండిపెట్టేవాళ్ళు లేరని సంబంధాలు చూస్తారు.

పెళ్ళి కార్డు మీద పిల్లవాడి పేరు ముందు 'చి.' అని వేస్తాం. చిరంజీవి. చావు లేకుండా బతకమని. వాంపైర్ నవలల్లో శాపమైనది మనకు కార్డు మీద అచ్చు వేసుకునే దీవెన. ఆడపిల్లకు మాత్రం దీర్ఘసుమంగళీభవ అంటారు. భర్త ఉన్నంత కాలం బతకమని దాని అర్థం. ఆ తర్వాత బతికే బతుకుకు ఏ దీవెనా లేదు. అమ్మమ్మ అరవై ఏళ్ళుగా ఆ దీవెన లేని బతుకు బతుకుతోంది, అదీ చక్కగా, పళ్ళు ఊడిపోయినా పల్లీల చట్నీ మెత్తగా నూరుకుని మరీ.

తనకు తానే కొన్ని నియమాలు పెట్టుకుంది. పెళ్ళికి పోతే గేటు పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. తలంబ్రాలు అయ్యాక భోజనం చేసి వస్తుంది. ఎవరూ ఆమెను లోపలికి రావద్దనలేదు. అనే అవసరం ఎవరికీ రానివ్వలేదు. వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా మెత్తటి బొంత కుట్టి పంపిస్తుంది. బిడ్డను మాత్రం ఎత్తుకోదు. "నా చేతులు నొస్తయి" అంటుంది. ఆ చేతులే నీళ్ళ బిందె ఎత్తుతాయి.

నన్ను మాత్రం ఎత్తుకుంది. అప్పుడు ఇంకెవరూ లేరు కాబట్టి, అంతే. జ్వరమొస్తే పక్కన పడుకుంది, జడ వేసింది, తిట్టింది, ఒకసారి నవల చింపి పొయ్యిలో పెట్టబోయి అట్ట మీది బొమ్మ చూసి "పాపం, ఈయనకు రక్తం తక్కువున్నట్టుంది" అని తిరిగి ఇచ్చేసింది.

పెళ్ళయ్యాక నేను మిర్యాలగూడ వచ్చాను. మా ఆయన రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాడు. మొదటిసారి కడుపు నిలబడినప్పుడు అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి వారం రోజులున్నాను. నా తలకు నూనె పెట్టింది, ముద్దలు కలిపి తినిపించింది, పొట్ట మీద చెయ్యి వేసి నవ్వింది. తిరిగొచ్చిన కొద్ది రోజులకే కడుపు పోయింది. ఇది ఎవరి వల్లా జరగలేదని, చాలామందికి ఇట్లా అవుతుందని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. నేను విన్నాను. అమ్మమ్మ వినలేదు.

ఏడవలేదు, ఏమీ అనలేదు. నన్ను ముట్టుకోవడం మానేసింది, అంతే. పక్కన కూర్చుంటే పాలు పొంగుతాయని లేచేది. జడ వెయ్యమంటే కళ్ళు కనిపించట్లేదనేది. బస్సెక్కించడానికి వచ్చి, బ్యాగు నా చేతికివ్వకుండా సీటు మీద పెట్టేది. మొదట్లో ముసలితనమేమో అనుకున్నాను. ఒకరోజు నేను నిద్రపోతున్నాననుకుని, దుప్పటి కప్పబోయి, కొస మాత్రమే పట్టుకుని దూరం నుంచి విసిరినట్టు కప్పింది. అప్పుడర్థమైంది. లేచి కూర్చుని గట్టిగా పోట్లాడాలనిపించింది. కానీ కళ్ళు మూసుకునే ఉన్నాను, ఎందుకంటే ఏడుపొచ్చింది.

మళ్ళీ నిలబడ్డప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దంది. కాలేజీకి సెలవు పెట్టాను. మిర్యాలగూడలో మధ్యాహ్నం మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంటుంది. ఆ వాసనకు కడుపులో తిప్పితే మనసు మళ్ళించుకోవడానికి అమ్మమ్మకు ఫోన్ చేసేదాన్ని. ఫోన్‌లో మాట్లాడితే నాకేం కాదని ఆమె నిర్ణయించుకుంది. వీడియో కాల్ మీద మాత్రం అనుమానం. కిరాయివాళ్ళమ్మాయి ఫోన్ కలిపి ఇస్తే, అమ్మమ్మ దాన్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకునేది. నాకు తిరిగే సీలింగు ఫ్యాను కనిపించేది, పక్కనుంచి ఆమె గొంతు వినిపించేది. వాంపైర్‌లు అద్దంలో కనపడరని ఎన్ని పేజీలు రాశానో. మా అమ్మమ్మ ఫోన్‌లో కనపడదు.

ఆ మధ్యాహ్నాల్లో ఆమెకు నా సీరియల్ చెప్పడం మొదలుపెట్టాను. వేరే ఏ కథ చెప్పినా "ఊ" కొట్టి నిద్రపోయేది. ఇది మాత్రం విన్నది. మా నాయకుణ్ణి 'ఆయన' అనేది, మర్యాదగా.

"మూడు వందల ఏండ్లకెళ్ళి బతుకుతున్నడంటివి. ఏం పని జేస్తడు?"

"ఏం చెయ్యడు. కోటల ఉంటడు. పియానో వాయిస్తడు."

"గంతేనా? నాట్లెయ్యడు, కోతకు పోడు, బొంత గుట్టడు. పనిలేకనే పరేషాన్ అయితుండు ఆయన."

ఎల్లిగడ్డ వాసన ఆయనకు పడదంటే చాలాసేపు నవ్వింది. మరి పచ్చడి ఎట్లా తింటాడని జాలిపడింది. పిలవకుండా ఎవరింట్లోకీ పోలేడని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "మంచిగనే ఉన్నది" అంది.

కథ చివరికొచ్చింది. ఇట్లాంటి కథలకు ముగింపులు రెండే. ఆయన ప్రేమించిన పిల్ల కూడా ఆయనలాగా మారుతుంది, లేదా ఆయన వెళ్ళిపోతాడు. నేను రెండోది రాశాను. ఆమె నిద్రలో ఉండగా, తన ఆకలి ఏనాటికైనా ఆమె మీద పడుతుందని భయపడి, కిటికీ మూసి ఊరు వదిలేస్తాడు. బాగా వచ్చిందని నాకే అనిపించి చదివి వినిపించాను.

"మంచి పని జేసిండు," అంది అమ్మమ్మ.

"ఏం మంచి పని? ఆ పిల్ల సంగతేంది?"

"ఏముంది? బతికి ఉంటది గద."

"ఆయన లేకుండ ఎట్ల బతుకుతది? ఆయన్నే నమ్ముకున్నది. ఎవరున్నరు దానికి?"

"బతికైతే ఉంటది గద బిడ్డా," అంది మళ్ళీ, చాలా మెల్లగా.

మేమిద్దరం సీరియల్ గురించి మాట్లాడటం లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. నాకు కోపం ముంచుకొచ్చింది, ఆమె మీద, ఇంకా ఎక్కువగా నేను చదివిన పుస్తకాలన్నిటి మీద. దూరమైపోవడాన్ని ఎంత అందంగా రాస్తారు! వెళ్ళిపోయేవాడి మనసులో మథనం పేజీలు పేజీలు ఉంటుంది. తెల్లారి లేచి ఖాళీ కిటికీ చూసుకునే పిల్లకు ఒక పేరా కూడా దక్కదు. నిన్నెవరు అడిగారు నన్ను కాపాడమని, అని ఆ పిల్ల ఒక్కసారైనా అడిగిన నవల నేను చదవలేదు. ఆ ముగింపు పోస్ట్ చెయ్యలేదు. యాప్‌లో అమ్మాయిలు బూతులొక్కటే తక్కువ, అన్నీ తిట్టారు.

పాప సూర్యాపేటలో పెద్ద దవాఖానలో పుట్టింది. ఇద్దరం క్షేమం. అమ్మమ్మ రాలేదు, బొంత వచ్చింది. నీలం అంచు చీరతో కుట్టింది, అది మా అమ్మ చీర. వీడియోలో పాపను చూపిస్తానంటే "సూస్త" అంది. ఆమెకు పాప కనిపించింది. నాకు ఫ్యాను కనిపించింది.

మూడో నెలలో తొట్టెల ఫంక్షన్ పెట్టుకున్నారు మా వాళ్ళు, మిర్యాలగూడలో. పాపను ఊయలలో వెయ్యడం, పాటలు, భోజనాలు. మా అత్తమ్మ పద్ధతి గల మనిషి. ఫోన్‌లో చెప్తే పిలిచినట్టు కాదంటుంది. ఇంటింటికీ పోయి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలవాలి. కోదాడకు నేనూ వస్తానని పాపను మా ఆడబిడ్డకు అప్పజెప్పి కారెక్కాను. అమ్మమ్మ వాళ్ళ వీధిలో నాలుగిళ్ళు పిలిచాం. ఒక ఇంటికి తాళం వేసి ఉంది. అత్తమ్మ వంగి, గడపకు బొట్టు పెట్టింది. పిలుపు అందినట్టే లెక్క.

అమ్మమ్మ వాళ్ళింట్లో అత్తమ్మ కిరాయివాళ్ళావిడకు బొట్టు పెట్టింది. వాళ్ళమ్మాయికి పెట్టింది. కుంకుమ భరిణ మూసి, అమ్మమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, నువ్వు గూడ తప్పకుండ రావాలె" అంది. ఏ పొగరూ లేదు ఆ మాటలో. అందరూ అట్లాగే పిలుస్తారు. నాకు మాత్రం ఆ తాళం వేసిన ఇల్లు కళ్ళ ముందు నిలిచింది. గడప చెక్కకు దక్కిన పిలుపు మా అమ్మమ్మకు అరవై ఏళ్ళుగా దక్కలేదు. పిలవకుండా లోపలికి రాలేని మనిషి కథ కోసం నేను ఏ దేశాల పుస్తకాలో తిరగేశాను.

అత్తమ్మ చేతిలోంచి భరిణ తీసుకున్నాను. కుంకుమ వేలికి అద్దుకుని అమ్మమ్మ నుదుటి దాకా తీసుకెళ్ళాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నాకిది అలవాటు లేదు ఇప్పుడు. అద్దంల సూసుకుంటే ఎవరో అనుకుంట." కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వుతోంది కూడా. "నువ్వు పిల్సినవ్, నాకు ముట్టింది. వస్త. గేటు కాడ కూసుంట. దూరంకెళ్ళి సూసి పోత."

అప్పుడు తను నన్ను పట్టుకుందన్న సంగతి గుర్తొచ్చి చప్పున వదిలేసింది. నా మణికట్టు మీద ఆమె వేళ్ళ వెచ్చదనం కారులో చాలాసేపు ఉన్నట్టనిపించింది. నేను ఓడిపోయానో గెలిచానో తెలియలేదు.

ఫంక్షన్ రోజు అమ్మమ్మ కిరాయివాళ్ళావిడతో కలిసి బస్సులో వచ్చింది. అన్నట్టే షామియానా చివర, గేటు పక్క, మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరి కుర్చీలో కూర్చుంది. లోపల హాల్లో ఊయలకు పూలు చుట్టారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకోబోతున్నారు. పాపకు మా ఆడబిడ్డ జరీ గౌను తొడిగింది, వెనక వరసగా హుక్కులు. అందరూ పాపను వేయమన్నారు. నేను హాలు కిటికీలోంచి చూశాను. అమ్మమ్మ మెడ సాచి ఇటే చూస్తోంది, మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే అటు ఒరిగి, ఇటు ఒరిగి.

ఇక నా వల్ల కాలేదు. ఆమె లోపలికి రాదు. సరే. బయటికి పోవడానికి నన్ను ఎవరూ పిలవక్కర్లేదు కదా. పాపను ఎత్తుకుని హాలు దాటి, మెట్లు దిగి, షామియానా చివరి దాకా నడిచాను. వెనక పాట ఆగిపోయింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"లోపటికి పో," అంది అమ్మమ్మ, రెండు చేతులూ కొంగులోకి ముడుచుకుని. "ఏం పని గిది? పో బిడ్డా, మంచిగ ఉండదు."

పాప అప్పటికే ఏడుపు లంకించుకుంది. మొహం ఎర్రబడింది, మెడ కింద చెమట. అమ్మమ్మ చూస్తోంది. చూస్తూ ఉండలేకపోతోంది.

"గీ ఎండల గా జరీ గౌనేందే? పిల్లకు ఉడకపోస్తున్నది. ఇప్పు."

"వెనక హుక్కులున్నయి. ఒక్క చేత్తోని రావట్లే."

"అయ్యో, గట్ల గుంజకు, గీసుకపోతది. ఇటు తే."

చేతులు చాపి తీసుకుంది. పాపను భుజాన బోర్లా వేసుకుని మెడ కింద అరచెయ్యి పెట్టి, ఆ పని నిన్న కూడా చేసినట్టు నిలిపింది. నేను హుక్కులు తీశాను. గౌను ఊడిపోగానే పాప వీపుకు గాలి తగిలి ఏడుపు సన్నబడింది. అమ్మమ్మ వీపు నిమిరింది. ఒకసారి, ఇంకోసారి. మూడోసారికి చెయ్యి గాల్లో ఆగిపోయింది. తనేం చేసిందో అప్పుడు తెలిసొచ్చింది. బెదిరిపోయి నా మొహంలోకి చూసింది, తీసుకో అన్నట్టు.

నేను తీసుకోలేదు. నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అత్తమ్మ మెట్లు దిగి వచ్చింది. ఏమంటుందో అనుకున్నాను. ఆమె మా ఇద్దర్నీ చూసి, వెనక్కి తిరిగి, "ఆ టేబుల్ ఫ్యాను ఇటు తెండ్రి, వైరు సాలకపోతే బాక్సు పెట్టుండ్రి" అని కేకేసింది. ఫ్యాను వచ్చింది. దాని వెనకే ఆడవాళ్ళు ఒక్కొక్కరే కుర్చీలు లాక్కుని వచ్చి కూర్చున్నారు.

అమ్మమ్మ పాపను భుజం మీంచి దించి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పాప నుదుటి మీది తడి వెంట్రుకలు పక్కకు తీసి, చాలాసేపు చూసి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అంది.

"నా ఆయుష్షంత పోసుకొని బతుకు తల్లీ."

అందరు ముసలమ్మలూ అనే మాటే. నేను వాంపైర్ కథలు రాసేదాన్ని, ఏ దిష్టినీ నమ్మనిదాన్ని. కానీ ఆ మాట విన్నాక నా ఒళ్ళు చల్లబడింది. నిజంగానే ఇచ్చేస్తోందనిపించింది. ఇన్నాళ్ళూ తీసుకున్నావని అందరూ అంటే నోరెత్తని మనిషి, మొత్తం తీసి ఆ చిన్న పొట్టలో పోసేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతుందనిపించింది. తొంభై ఏళ్ళు ఆమెకు చాలనుకున్నవాళ్ళు ఉంటారు. నాకు చాలలేదు.

"అంత ఇయ్యకు అమ్మమ్మా," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "జర ఉంచుకో."

"ఇంకా నాకెందుకే?"

"నాకు గావాలె నువ్వు."

నా వైపు చూసింది. ఇన్నాళ్ళుగా నేను చెప్పాలనుకున్నదీ, ఆమె విననన్నదీ ఆ ఒక్క ముక్కే. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు ఆలోచించింది. తర్వాత పాప చెవి దగ్గరికి వంగి, ముందన్న మాట వెనక్కి తీసుకుని, మళ్ళీ మొదట్నించి దీవించింది.

"సగం తీస్కో తల్లీ. కడమ సగం మీ అమ్మ కోసం ఉంచుకుంట."